కేస్లాపూర్‌కు మొదటిసారి వచ్చినవాళ్లు

తెలియని ఊళ్లో, ఎన్నడూ చూడని రగ్బీ స్టేడియానికి టికెట్ కొనుక్కున్న మనిషికి ఆట కంటే ముందు వేరే చింతలు పట్టుకుంటాయి. ఏ గేటు నుంచి పోవాలి, బండి ఎక్కడ పెట్టాలి, మంచినీళ్లు లోపల దొరుకుతాయా, ఆట అయిపోయాక అంతమందీ ఒక్కసారి బయటపడితే తిరుగు తోవ ఏది. ఇవి స్టేడియాలతో పుట్టిన ప్రశ్నలు కావు. వేలమంది ఒకే జాగకు ఒకే రోజు చేరే అలవాటు ఉన్న ప్రతి సమాజమూ వీటికి ఏదో ఒక జవాబు వెతుక్కుంది. రోమ్‌లోని కొలోసియం చుట్టూ ఉన్న 80 ద్వారాల్లో 76కు అంకెలు చెక్కారు. వచ్చినవాడు తన అంకె చూసుకుని లోపలికి పోయేవాడు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల జవాబు రాతి మీద లేదు, జాతరల నడకలో ఉంది. ఆ జవాబు సారాంశం ఒక్కటే: కొత్తగా వచ్చే మనిషి తిప్పలు ఆ మనిషివి కావు, పిలిచినవాళ్లవి. ఈ పాత పద్ధతి భక్తికి మాత్రమే సంబంధించిన ఆచారమని కొట్టిపారేయకుండా, జనాన్ని నడిపించే విద్యగా చదవాలన్నది ఈ వ్యాసం వాదం.

మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరకు పోయేవాళ్లు ముందుగా వేములవాడ రాజన్నను దర్శించుకునే ఆనవాయితీని చూడండి. పుణ్యం సంగతి అలా ఉంచితే, అది ప్రయాణానికి ఒక వరుసను ఏర్పరిచింది. ఇంటి నుంచి నేరుగా అడవిలోకి దిగకుండా, వసతి ఉన్న క్షేత్రంలో ఆగి, మొక్కులు చెల్లించుకుని, అదే తోవన పోయే మరికొందరితో కలిసి ముందుకు సాగే వీలు కలిగింది. మొదటిసారి పోయేవాడు వేములవాడలోనే తోడు దొరకబుచ్చుకోగలడు.

ఈ విద్య పూర్తి రూపంలో కనబడేది మాత్రం ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో. పుష్య అమావాస్య రాత్రి సర్పదేవుడైన నాగోబాకు మెస్రం వంశపు గోండులు మహాపూజ చేస్తారు. జాతర అంటే మనకు ఆ రాత్రి, ఆ తర్వాతి నాలుగు రోజుల సందడి గుర్తొస్తుంది. కానీ దాని ఏర్పాటు ఎంతో ముందే మొదలవుతుంది. పుష్యమాసపు నెలవంక కనబడ్డాక ఎడ్లబండి కట్టి, వంశం వాళ్లున్న ఊళ్లకు పోయి జాతర కబురు చెప్తారు. పిలుపు మనిషి దగ్గరకు నడిచి వస్తుంది. బండి తిరిగొచ్చాక పెద్దలు కూడి, గోదావరి నీళ్ల కోసం పోయే పాదయాత్రకు తోవ ఖరారు చేస్తారు: ఏ ఊరి మీదుగా పోవాలి, ఏ రాత్రి ఎక్కడ ఆగాలి. జన్నారం మండలం హస్తినమడుగు దాకా చెప్పుల్లేకుండా నడిచి, ఝరి అనే ఇత్తడి పాత్రలో నీళ్లు తెచ్చే ఆ బృందంలో ప్రతి ఏడూ కొత్తవాళ్లుంటారు. వాళ్లకు తోవ తెలియాల్సిన అవసరం లేదు. అడుగులు ముందే తేలిపోయాయి.

తిరిగొచ్చినవాళ్లు కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర చేయిస్తారు. మెస్రం వంశంలో 22 కితలు, అంటే శాఖలు, ఉన్నాయి. వాళ్లు వంట చేసుకునే గోడకట్టు ఆవరణను గోవాడ్ అంటారు. అందులో పొయ్యిలు కితల వారీగానే పెట్టుకోవాలి. ఒక కితలో ఎన్ని కుటుంబాలు పెరిగినా వరుస తప్పదు. ఒకరి వంట అయ్యాక అదే పొయ్యి మీద మరొకరు ఎసరు పెట్టుకుంటారు. ఈ ఒక్క నియమంలో ఎంత ఆలోచన ఉందో కాస్త ఆగి చూడాలి. మనిషి తన కిత పేరు చెప్తే చాలు, కూర్చునే జాగ, తినే చోటు, చీకట్లో వెతికితే దొరికే మనుషులు, అన్నీ తేలిపోతాయి. మహారాష్ట్ర వైపు నుంచి మొదటిసారి వచ్చిన పిల్లవాడు తప్పిపోయినా ఏ పొయ్యి దగ్గరకు చేర్చాలో అందరికీ తెలుసు.

అన్నిటికంటే విలువైన ఏర్పాటు భేటింగ్. ఆ ఏడు వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లు తెల్లచీరలు కట్టుకుని, ముసుగు వేసుకుని, పెద్ద ముత్తైదువల వెంట నాగోబా ముందుకు వస్తారు. పేరు పేరునా దేవుడికి వాళ్లను పరిచయం చేస్తారు. ఈ పరిచయం జరగనిదే ఆ కోడలికి దేవుడి పూజలో పాలు లేదు. అంటే మొదటి రాకకే ఒక ప్రత్యేకమైన ఘట్టం ఉంది. కొత్త మనిషిని గుంపులో ఒకరిగా వదిలేయకుండా, ఈమె ఫలానా ఇంటిది, ఇవాళే వచ్చింది అని అందరి ఎదుట చెప్పి లోపలికి తోలుకపోతారు. అంకె చెక్కిన రాయి తోవ చూపగలదు గానీ, వచ్చిన మనిషిని తన మనిషిగా ఒప్పుకోలేదు.

ఇదంతా చుట్టరికం లోపలి మాట, పరాయివాడికి ఒరిగేదేముంది అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు అదే మైదానంలో జరిగే దర్బారు. నిజాంపై పోరాడిన గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, ఆదివాసుల గోడు తెలుసుకునేందుకు నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆశ్రయించింది. మార్లవాయిలో గోండుల మధ్య బతికిన ఆయనకు ఒక సంగతి అర్థమైంది: అడవి మనిషికి కచేరీ అనేదే అన్నిటికంటే భయపెట్టే పరాయి జాగ. ఏ బల్ల దగ్గర నిలబడాలో, ఎవరికి దండం పెట్టాలో తెలియక భూమి పట్టా పోగొట్టుకున్న వాళ్లున్నారు. అందుకే కచేరీనే జాతరకు రప్పించారు. 1940ల్లో మొదలైన ఆ దర్బారు ఇప్పటికీ సాగుతోంది. కలెక్టరు, అధికారులు కేస్లాపూర్ వచ్చి అర్జీలు తీసుకుంటారు. ఈసారి తెలియని మైదానానికి వచ్చిన కొత్తవాళ్లు అధికారులే. చుట్టరికం మీద నడిచే పద్ధతి, చుట్టరికం లేనివాళ్లకూ జాగ చూపించగలిగింది.

మరో అభ్యంతరం బలమైనది. ఒక వంశాన్ని నడిపించడం వేరు, యాభై వేలమంది స్టేడియాన్ని నడిపించడం వేరు, అక్కడ ఎవరి జాగ్రత్త వాళ్లే చూసుకోవాలి అంటారు. చరిత్ర ఈ మాటను బలపరచదు. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో బయట తొక్కిడి పెరగడంతో పోలీసులు ఒక పెద్ద గేటు తెరిపించారు. లోపలికి వచ్చినవాళ్లకు ఎదురుగా కనబడింది ఒక సొరంగం. అది ప్రేక్షకులు నిలబడే, అప్పటికే కిక్కిరిసిన మధ్య అరల్లోకి దింపింది. పక్క అరల్లో జాగ ఉంది. అటు పొమ్మని చెప్పే మనిషి ఆ సొరంగం మూతి దగ్గర లేడు. 97 మంది ప్రాణాలు పోయాయి. తప్పు ప్రేక్షకులదేనని ఏళ్ల తరబడి నిందించారు. 2016లో జ్యూరీ వాళ్ల తప్పేమీ లేదని తేల్చింది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయినప్పుడూ జనం ఎందుకొచ్చారన్న మాట వినబడింది. జనం ఎంత ఎక్కువైతే పిలిచినవాడి బాధ్యత అంత పెరుగుతుంది, తగ్గదు.

ఈ పాఠం కోసం ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు. కేస్లాపూర్‌కు దగ్గర్లోనే ఇంద్రవెల్లి ఉంది. 1981 ఏప్రిల్ 20న అక్కడ గిరిజన రైతు కూలీ సంఘం సభ తలపెట్టింది. అనుమతి రద్దయిందన్న కబురు గూడేలకు చేరలేదు. సంత రోజు కూడా కావడంతో ఆదివాసులు ఎప్పటిలాగే కదిలారు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలోనే 13 మంది మరణించారు, స్థానికులు చెప్పే సంఖ్య అంతకు ఎన్నో రెట్లు. నాగోబా బండి ఊరూరా తిరిగే ఆ తోవల్లోనే, వద్దన్న కబురు తిరగలేకపోయింది. కాల్పులకు ఇదొక్కటే కారణమని అనడం లేదు, భూమి కోసం సాగిన పోరాటాన్ని అణచాలన్న పట్టుదల దాని వెనుక ఉంది. అయినా కబురు చేర్చే పని ఎవరిదన్న ప్రశ్న ఇంద్రవెల్లి అమరుల స్తూపం దగ్గర ఇప్పటికీ నిలబడే ఉంది.

ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది, తోవ అదే చూపిస్తుంది, ఇక ఎవరి తోడూ అక్కర్లేదనే మాట సగమే నిజం. ఫోన్ గేటు దాకా తెస్తుంది. గేటు మూసి ఉంటే ఏం చేయాలో, అమ్మకు కళ్లు తిరిగితే ఎవర్ని పిలవాలో అది చెప్పదు.

కేస్లాపూర్ పద్ధతికి ఖరీదు లేదని కూడా అనలేం. కోడలికి ముసుగు ఉంది. తనంతట తాను వచ్చి, తన పేరు తానే చెప్పుకునే వీలు ఆ ఆచారంలో లేదు. ఎవరి వెంట రావాలో పెద్దలు తేల్చిన చోట ఒంటరిగా వచ్చే స్వేచ్ఛ ఉండదు. కొత్తవాళ్లను పట్టించుకునే ఏర్పాటునూ ఈ కట్టడినీ విడదీయవచ్చన్నదే నా నమ్మకం. టికెట్ అమ్మే సంఘానికి కొన్నవాడి వంశంతో పనిలేదు. కానీ జనం కదలకముందే కూర్చుని తోవ ఖరారు చేయడం, గేటు, నీళ్లు, తిరుగు బస్సు ఎక్కడో టికెట్ మీదే అచ్చు వేయడం, మొదటిసారి వచ్చామని చెప్పినవాళ్లను లోపలికి తోలుకపోయే మనుషుల్ని గేటు దగ్గర నిలబెట్టడం దానికి చేతనైన పనులే. మెస్రం పెద్దలు ఇవన్నీ ఏ టికెట్టూ అమ్మకుండానే చేస్తున్నారు.