రక్తము చెప్పు సాక్ష్యము

ఒక్కొక్కటిగ సేవించినపుడు మేలుచేయు మందులే రెండు కూడినపుడు కీడుచేయుట కలదు. కీడు కలిగిన పిమ్మట కారణమును వెదకుటకంటె, కలుగకమునుపే దానిని కనిపెట్టుట మేలని యెల్లరు నొప్పుకొందురు. అందులకు మన రక్తమే సాధనమైన వృత్తాంతమును చదువరులకు దెలుప దలచితిమి.

రక్తములోని కొవ్వును తగ్గించు సెరివాస్టాటిన్ అను మందును 2001 ఆగష్టులో తయారీదారులు విపణినుండి ఉపసంహరించుకొనిరి. దానిని సేవించినవారిలో కండరములు శిథిలమై 31 మంది మరణించినట్లు అప్పటికి అమెరికా సంయుక్తరాష్ట్రములలో నివేదికలు వచ్చియుండెను. వారిలో 12 మంది జెమ్‌ఫైబ్రోజిల్ అను మరియొక కొవ్వుమందును గూడ పుచ్చుకొనుచుండిరి. ఈ రెండవ మందు, మొదటిదానిని కాలేయకణములలోనికి చేర్చు వాహకమును, లోపల దానిని మార్చివేయు ఎంజైమును గూడ అడ్డగించును. అందుచే మొదటి మందు రక్తములో పేరుకొనును.

వాహకములనగా కణపు పొరలో నుండు మాంసకృత్తులు. ఇవి కొన్ని పదార్థములను లోనికి చేర్చును, కొన్నింటిని వెలికి పంపును. మనము మ్రింగు మందులనే గాక, దేహములో పుట్టిన పదార్థములను గూడ ఇవియే మోయును. ఈ చిన్న విషయమునందే మన కథకు కీలకమున్నది.

ఫిలిప్పీను దీవులలో ఆర్టురో రోటర్ అను వైద్యుడుండెను. ఆయన కథారచయితగ గూడ పేరుపొందినవాడు. ఆయనయు, సహచరులును 1948లో, వంశములో వచ్చు నొకవిధమగు కామెర్లను వర్ణించిరి. అది మిక్కిలి అరుదైనది. దానివలన ప్రాణభయము లేదు, చికిత్సయు నక్కరలేదు. ఇట్టి జబ్బును పరిశోధించి ప్రయోజనమేమని కొందరడుగవచ్చును. ఫలము ఆలస్యముగ వచ్చెను. ఆ రోగుల మూత్రములో కోప్రోపార్ఫిరిన్ అను పదార్థము మిక్కుటముగ నుండునని 1970లలో కనుగొనిరి. కాలేయపు వాహకములు రెండింటిని నిర్మించు జన్యువులు రెండును చెడియుండుటయే ఆ జబ్బునకు కారణమని 2012లో తేలెను.

కోప్రోపార్ఫిరిన్-1 అనునది, రక్తమునకు ఎరుపునిచ్చు హీము తయారగునపుడు పుట్టు ఉపపదార్థము. దేహమునకు దానితో పనిలేదు. కాలేయము దానిని ఆ వాహకములద్వారా గ్రహించి పిత్తరసముతో వెడలించును. వాహకములు లేనివారిలో అది మిగిలిపోవుచున్న యెడల, మందుచే వాహకములు అడ్డగింపబడినవారిలో గూడ అది రక్తమున పెరుగవలెను గదా! పరీక్షింపగా అట్లే యైనది. క్షయకు వాడు రిఫాంపిసిన్ ఒక్క మోతాదుతో ఆరోగ్యవంతుల రక్తములో ఈ పదార్థము పలురెట్లు పెరిగినట్లు 2016లో ప్రకటితమైన పరిశోధన చూపినది.

పూర్వము క్రొత్త మందు వాహకమును అడ్డగించునో లేదో తెలియుటకు, ఆరోగ్యవంతులైన స్వచ్ఛందులకు దానితోపాటు మరియొక మందునిచ్చి చూడవలసివచ్చెడిది. ఇప్పుడు క్రొత్త మందు నొక్కదానినే ఇచ్చి, రక్తములో ఈ పదార్థము పెరిగినదా యని చూచిన తొలినాళ్లలోనే సూచన లభించును. పెరుగనిచో రెండవ పరీక్ష అనేక పర్యాయములు తప్పిపోవును. 2024లో ఆమోదింపబడిన అంతర్జాతీయ ఔషధ మార్గదర్శకములును ఇట్టి సాక్ష్యమును లెక్కలోనికి దీసికొనుచున్నవి.

అయినను ఒక్కొక్క సాక్షి తనకు దెలిసిన ద్వారమును గూర్చియే చెప్పగలదు. మూత్రపిండముల వాహకములకు క్రియాటినిన్ వంటి వేరు పదార్థములను చూడవలెను. సిమెటిడిన్, ట్రైమెథోప్రిమ్ అను మందులు, మూత్రపిండములకు హాని లేకయే, వాహకములను అడ్డగించి రక్తములో క్రియాటినిన్‌ను పెంచును. దీనిని యెరుగని వైద్యుడు లేని జబ్బును భ్రమించును.

ఎంజైములవలన గలుగు చిక్కులను ఈ సాక్షులు చెప్పజాలవు. కావున పరిశోధనాలయములో రక్తము సాక్ష్యమిచ్చినను, ఇంటిలోనివారు తమ సాక్ష్యమును మానరాదు. వైద్యుని కడకు పోవునపుడు తాము వాడు ప్రతి మందును, పసరును, మాత్రను దాచక చెప్పవలెను. కొవ్వుమందులు రెండు కలిసిన ఆ పండ్రెండు మరణములు మనకు నేర్పు పాఠమిదియే.