మూలపాఠం ఒకటి, యంత్రాలు వేరు

ఒక కావ్యానికి పది తాళపత్ర ప్రతులుంటే పది పాఠాంతరాలుంటాయని సాహిత్య విద్యార్థులకు చెప్పనక్కర్లేదు. కంప్యూటర్ ప్రోగ్రాం విషయంలో చిక్కు దీనికి తలకిందులు. మూలపాఠం ఒక్కటే, దాన్ని చదివే యంత్రాలు వేరు. ఆ పాఠాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చి కూర్చడాన్ని బిల్డ్ అంటారు. ఒకచోట చక్కగా కూడినది మరోచోట కూడదు. కూడినా తప్పు లెక్క చెప్పవచ్చు. అందుకే పరీక్ష.

ఈ చిక్కంతా యంత్రాల స్వభావంలోనే ఉందనుకోవడం సగం నిజం. 1969లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌ను 1973లో సి భాషలో తిరగరాశారు. ఆ దశాబ్దం చివరికి దాన్ని పూర్తిగా వేరే జాతి యంత్రమైన ఇంటర్‌డేటా 8/32 మీద నడిపించగలిగారు. అంటే సాంకేతికంగా దారి దొరికింది. ఆ దారిని చీల్చింది మార్కెట్టు. 1984లో ఏటీ అండ్ టీ విభజన తర్వాత యూనిక్స్ నిఖార్సయిన సరుకయింది. సన్, హెచ్‌పీ, ఐబీఎం, డెక్ ఎవరి యూనిక్స్‌ను వారు అమ్ముకున్నారు. కొన్నవాడు మరో గడప తొక్కకుండా ఉండటానికి ఆ తేడాలు బాగానే పనికొచ్చాయి.

వాటి బరువు పడింది మాత్రం ప్రోగ్రాములు రాసి ఉచితంగా పంచేవాళ్ల మీద. 1987లో లారీ వాల్ విడుదల చేసిన పెర్ల్ భాషతో పాటే, యంత్రాన్ని ప్రశ్నలడిగి తెలుసుకునే స్క్రిప్టు ఒకటి వచ్చింది. 1991లో డేవిడ్ మెకంజీ గ్నూ ప్రాజెక్టు కోసం ఆటోకాన్ఫ్ మొదలుపెట్టాడు. ఇది వీలైనంతవరకు యంత్రాన్ని నీ పేరేమిటని అడగదు, ఈ పని చేయగలవా అని అడుగుతుంది. చిన్న ప్రోగ్రాం కంపైల్ చేసి చూసి నిర్ణయిస్తుంది. (కులగోత్రాలు అడగకుండా పనిని చూడటం మనుషుల్లో ఇంకా రాలేదు!) 1990ల చివర పెర్ల్ స్వచ్ఛంద కార్యకర్తలు తోటివారి ప్రోగ్రాములను తమ సొంత యంత్రాల మీద పరీక్షించి ఫలితాలు పంపే పద్ధతి పెట్టుకున్నారు. ఇది అచ్చంగా సమష్టి శ్రమ.

2011లో బెర్లిన్‌లో పుట్టిన ట్రావిస్ సీఐ ఈ పనిని ఓపెన్ సోర్స్ వాళ్లకు ఉచితంగా చేసిపెట్టింది. వేల ప్రాజెక్టులు దానికి అలవాటుపడ్డాయి. 2019లో కంపెనీ చేతులు మారింది. 2020 నవంబరులో ఉచితానికి పరిమితులొచ్చాయి, 2021లో పాత సైటు మూతపడింది. చాలామంది మైక్రోసాఫ్ట్ సొంతమైన గిట్‌హబ్ యంత్రాల కిందికి చేరారు. లినక్స్, విండోస్, మ్యాక్ అక్కడ దొరుకుతాయి. అరుదైన యంత్రాలకు ఇప్పటికీ జీసీసీ కంపైల్ ఫార్మ్ వంటి స్వచ్ఛంద ఏర్పాట్లే దిక్కు.

చరిత్రలు ప్రోగ్రాం రాసినవాణ్ణి కీర్తిస్తాయి, బిల్డ్ స్క్రిప్టు రాసినవాణ్ణి పట్టించుకోవు. ఆ స్క్రిప్టులను చదివేవాళ్లూ తక్కువే. 2024లో ఈ నిర్లక్ష్యాన్నే ఒకరు ఆయుధం చేసుకున్నారు. చాలాకాలం ఒకే వ్యక్తి జీతం లేకుండా మోసిన ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలోకి దొంగతలుపు ప్రవేశించింది. అసలు ప్రోగ్రాం పాఠంలో వెతికితే అది కనబడదు. పరీక్షల కోసమని చేర్చిన ఫైళ్లలో ఒక భాగం, విడుదల ప్యాకేజీలోని బిల్డ్ స్క్రిప్టులో మరో భాగం దాక్కున్నాయి. ఆ దొంగ స్క్రిప్టు కూడా ప్రశ్నలే అడిగింది: ఇది లినక్సేనా, ఎక్స్86-64 యంత్రమేనా, ఇక్కడ కూర్చుతున్నది డెబియన్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీయేనా? అన్నిటికీ అవునంటేనే విషం కలిపింది. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడటంతో, ఆ ఏడాది మార్చిలో అది బయటపడింది.