పాతిపెట్టడానికి వెళ్ళినవాడు

1862. అమెరికన్ బాప్తిస్టు మిషన్ పెద్దల ఎదుట ఒక జబ్బుమనిషి నిలబడ్డాడు. పేరు లైమన్ జ్యూయెట్. నెల్లూరు ఎండలకు ఒళ్ళు గుల్లయి, కోలుకోవడానికి ఇంటికి వచ్చాడు. పెద్దలు అప్పటికే ఒక నిర్ణయానికి దగ్గరపడ్డారు. తెలుగుదేశంలో మిషన్ ఇక చాలించాలి. 1836లో శామ్యూల్ డే ఆ పని మొదలుపెట్టాడు. ఇరవై ఆరేళ్ళలో చేరినవాళ్ళు చాలా కొద్దిమందే. మూసేద్దామన్న మాట 1848లో ఒకసారి, 1853లో మరోసారి వచ్చి ఎలాగో ఆగింది. ఈసారి ఆగేలా లేదు.

మీరు పంపకపోతే నా దారిన నేను వెళ్తాను, అక్కడే ప్రాణం విడుస్తానని జ్యూయెట్ తెగేసి చెప్పాడు. అప్పుడు మిషన్ కార్యదర్శి జోనా వారెన్ ఒక మాట అన్నాడట. అంత పట్టుదలగా ఉంటే వెళ్ళు, కానీ నీవెంట ఇంకొకరిని పంపాలి, నువ్వు పోతే క్రైస్తవ మర్యాదతో పాతిపెట్టే మనిషైనా ఉండాలి కదా అని. మిషన్ చరిత్రలు ఈ మాటను దాచుకున్నాయి.

అలా తోడు వెళ్ళినవాడు జాన్ ఎవరెట్ క్లౌ. అయోవా రాష్ట్రపు కుర్రవాడు, భూములు కొలిచే పని తెలిసినవాడు. 1864 నవంబరు చివర జ్యూయెట్‌తో కలిసి బోస్టన్‌లో ఓడెక్కేనాటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు. తన చేతుల మీదుగా జరగబోయేది ఒక మనిషి సమాధా, ఒక మిషన్ సమాధా అన్నది అతనికి తెలియదు.

జ్యూయెట్ పట్టుదల వెనక ఒక తెల్లవారుజాము ఉంది. 1854 జనవరి 1. ఒంగోలు ఊరి పక్కన కొండ. ఇంకా వెలుగు రాలేదు. చలిగాలిలో అయిదుగురు ఎక్కుతున్నారు: జ్యూయెట్, ఆయన భార్య, నెల్లూరు విశ్వాసులు ముగ్గురు. ఆ ముగ్గురిలో జూలియా అనే తెలుగు ఆడపడుచు ఒకరు. కింద ఊరు నిద్రలో ఉంది. ఒంగోల్లో వాళ్ళను నమ్మినవాళ్ళు లేరు. బడి లేదు, గుడి లేదు, నిలవడానికి ఇల్లు లేదు. పైకి చేరాక ఒక పాట పాడుకున్నారు. సువార్త తెచ్చేవాడి పాదాలు కొండల మీద ఎంత అందమైనవో చెప్పే యెషయా వాక్యం చదువుకున్నారు. తర్వాత ఒకరి వెనక ఒకరు మోకాళ్ళూనారు. ఈ ఊరికి ఒక మనిషిని పంపు ప్రభువా అన్నది వాళ్ళ మొర. ప్రార్థన ముగిసేసరికి తూర్పున సముద్రం మీదుగా పొద్దు పొడిచింది. నాగజెముడు కమ్మేసిన ఒక మెరక నేలను చూపించి జ్యూయెట్ జూలియాను అడిగాడు, మన బంగళా అక్కడ కడితే బాగుండదూ అని.

జవాబు రావడానికి పన్నెండేళ్ళకు పైగా పట్టింది. క్లౌ 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న, కొండ మీద మోకాళ్ళూనిన రోజుకు సరిగ్గా పదమూడేళ్ళకు, ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

ఈ కథను అమెరికాలోని బెంటన్‌విల్‌లో కూర్చుని రాయడానికి నాకొక కారణం ఉంది. 1950లో శామ్ వాల్టన్ దుకాణం తెరిచిన కూడలి చుట్టూ పెరిగిన ఊరు ఇది. ఇవాళ ఆ దుకాణం నుంచి ఎదిగిన కంపెనీకీ, దానికి సరుకులు అమ్మే కంపెనీలకూ కంప్యూటర్ పని చేసే తెలుగువాళ్ళు ఇక్కడ చాలామంది. వాళ్ళలో నెల్లూరు, ప్రకాశం, గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ళ ఈస్టర్ శనివారం సాయంత్రమే మొదలవుతుంది. మనవైపు ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించే వేళకు ఇక్కడ శనివారం సాయంత్రం ఆరున్నర. ఫోన్లు మోగుతాయి. కూతురి పురిటికి వచ్చిన ఒక తల్లి వంటింటి బల్ల దగ్గర ఫోన్ పట్టుకుని భర్త సమాధిని చూస్తోంది. అటువైపు తోటికోడలి కొడుకు. కొత్తగా సున్నం కొట్టారు, బంతిపూలు పరిచారు. "ఒరేయ్ చిన్నా, పెదనాన్న తలవైపు కొవ్వొత్తి ఆరిపోయింది చూడు, వెలిగించు నాన్నా," అంటోంది. గాలికి అడ్డంగా వాడు అరచెయ్యి పెట్టాడు. వత్తి అంటుకునేదాకా ఆమె కన్ను మరల్చలేదు.

ఆమె నమ్మకం ఏమిటో నేను అడిగి తెలుసుకున్నాను. ఆత్మ ఎక్కడో సుఖంగా ఉందని చాలామంది చాలా మతాల్లో నమ్ముతారు. ఆమె నమ్మేది అంతకన్నా మొండిది. ఆ సున్నం కింద పడుకున్న మనిషే, ఆ మనిషిగానే లేస్తాడు. సువార్తలు చెప్పేదీ అదే. లేచిన యేసు నీడ కాదు. తోమాకు చేతుల గాయాలు చూపించాడు. శిష్యుల ముందు కాల్చిన చేప ముక్క తిన్నాడు. గలిలయ సముద్రపు ఒడ్డున నిప్పులు రాజేసి, రాత్రంతా వలలు వేసి అలిసినవాళ్ళకు పొద్దుటి తిండి పెట్టాడు. చావును గెలిచినవాడు చేసిన పనుల్లో ఇదొకటి కావడం నన్నెప్పుడూ కదిలిస్తుంది. శరీరం దేవుడికి లెక్కలోకి వస్తుందంటే దాని ఆకలి, దాని వెట్టి, దాని అవమానం కూడా లెక్కలోకి వస్తాయి.

ఒంగోలు సీమలో ఈ సంగతి అందరికన్నా ముందు పట్టుకున్నది పండితులు కాదు, తోలు పని చేసే మాదిగలు. తాళ్ళకొండపాడు మనిషి ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. అప్పటికే యోగం నేర్చిన సాధకుడు, పల్లెపల్లెనా బంధుత్వం ఉన్నవాడు. ఆయన నడిచిన దారుల వెంబడే మిగతావాళ్ళు వచ్చారు. చేరేవాళ్ళ ముందు క్లౌ మూడు నియమాలు పెట్టేవాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడటానికి ఇవి మత నియమాలే. పల్లెలో మాత్రం వీటి దెబ్బ మరోచోట తగిలింది. జాతరకు డప్పు కొట్టవలసినవాడు కొట్టనన్నాడు. కబురు పెడితే ఆదివారం రానన్నాడు. ఊరు ఊరుకోలేదు. బావులకు, దారులకు అడ్డుపడింది, పని ఆపేసింది, కొట్టింది. అయినా తలెత్తినవాడు మళ్ళీ దించలేదు. పునరుత్థానం వాళ్ళకు చచ్చాక దొరికేదిగా కాక, వెట్టికి వంగిన నడుం నిటారు కావడంగా ముందు అర్థమైంది. దాన్ని తక్కువ రకం అర్థమనేవాళ్ళతో నేను ఏకీభవించను.

తర్వాత ధాత నామ సంవత్సరపు కరువు. 1876లో వానలు పోయాయి, కరువు 78 దాకా సాగింది, ఆ వెనకే కలరా. క్లౌ తన పాత విద్య బయటికి తీశాడు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు మట్టి తవ్వినవాళ్ళు రాత్రిళ్ళు వాళ్ళ మాటలు విన్నారు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని పదిహేను నెలలు ఆపాడు. ఆ మాట ఆ తర్వాతా పడింది, నేటికీ పడుతోంది. అనేవాళ్ళు ఈ పదిహేను నెలల సంగతి కూడా చెప్పాలి.

1878 జూన్‌లో ఇక పంచడానికి డబ్బు లేదని క్లౌ తేల్చి చెప్పాడు. జనం కదల్లేదు. డబ్బు వద్దు, బాప్తిస్మం కావాలన్నారు. ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర గుమిగూడారు.

జూలై 3. తెల్లవారగానే ఇద్దరు బోధకులు ఏట్లోకి దిగారు. ఒడ్డున పేర్లు చదువుతున్నారు. పేరు పిలిచినవాడు నడుం లోతుకు వస్తాడు. ఎముకలు లెక్కపెట్టొచ్చు, ఒంటి మీద ఒకే గుడ్డ. బోధకుడు ఒక చెయ్యి వీపు కింద పెట్టి వెల్లకిలా నీళ్ళలోకి వంచుతాడు. ముఖం మీదుగా నీళ్ళు మూసుకుంటాయి. బాప్తిస్టుల లెక్కలో అది సమాధి. పాత మనిషిని అక్కడ పాతిపెట్టి, క్రీస్తుతో పాటు కొత్త మనిషిని లేపడం, పౌలు రోమా సంఘానికి రాసినట్టు. మరుక్షణం ఆ మనిషి నీళ్ళు కార్చుకుంటూ పైకి లేస్తాడు. ఇంకో పేరు. ఆ ఇద్దరూ అలిసిపోతే మరో ఇద్దరు దిగుతారు. మిట్టమధ్యాహ్నం కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టారు. పొద్దుగూకేలోపు 2,222 మంది. ముందురోజు 614, మరునాడు 701. ఆ మూడు రోజుల్లో మొత్తం 3,537 మంది. క్లౌ స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు, అంతా తెలుగు బోధకులే చేశారు. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది. జ్యూయెట్ అప్పటికి బతికే ఉన్నాడు, 1897 దాకా బతికాడు.

కొరింథువారికి రాసిన మొదటి పత్రికలో పదిహేనో అధ్యాయమంతా పునరుత్థానం మీదే. క్రీస్తు లేవకపోతే మన నమ్మకం వట్టిదని పౌలు వాదించి, చావునే నిలదీసి, ఆ వెంటనే పదహారో అధ్యాయం మొదట్లో యెరూషలేము విశ్వాసులకు చందా ఎలా పోగు చేయాలో చెబుతాడు. వారం వారం కొంత పక్కన పెట్టమంటాడు. చాలామంది ప్రసంగీకులు ఈ రెండింటి మధ్య ఆగిపోతారు. ఆగకూడదని నా నమ్మకం.

ఇక్కడ వీసా మీద పనిచేసేవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే అరవై రోజులు. ఈలోపు మరో ఉద్యోగం దొరకాలి, లేదా మరో రకం వీసాకు మారాలి, అదీ కాకపోతే దేశం విడిచి వెళ్ళాలి. బడిలో పిల్లలు, ఇంటి అప్పు, కడుపులో బిడ్డ, ఏదీ ఆ లెక్కను మార్చదు. ఈ వసంతంలో ప్రార్థన కూటానికి వచ్చే ఒక కుటుంబానికి ఆ లెక్క మొదలైంది. ఈస్టర్ ఆదివారం ఆరాధన అయ్యాక బిర్యానీ వడ్డించే వరుసలోనే ఒకరు ఆ నెల అద్దె సంగతి మాట్లాడారు, ఇంకొకరు పిల్లల్ని బడి నుంచి తీసుకొచ్చే పని ఒప్పుకున్నారు. మరునాడు సోమవారం ఇక్కడ సెలవు లేదు. పొద్దున ఏడింటికే ఒకాయన ల్యాప్‌టాప్ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. "అన్నా, ముందు ఆ రెజ్యూమె తియ్యి," అన్నాడు. ఆఫీసు వేళ అయ్యేలోపు ఇద్దరూ కలిసి నాలుగు దరఖాస్తులు పంపారు.