రంప జలపాతం దారిలో జీలుగు చెట్టు

రంపచోడవరం నుంచి రంప జలపాతానికి నాలుగు కిలోమీటర్లు. ఆటోలో పావుగంట కూడా పట్టదు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని మాత్రం నేను నడిపించే తీసుకెళ్తాను. వానలు తగ్గి, వాగుల్లో నీళ్ళు తేటపడి, కొండల మీద సామలు కోతకొచ్చే రోజులు ఈ నడకకు మంచివి. దసరాకు ముందు దారి జారుతుంది, జలగలు పడతాయి. సంక్రాంతి దాటితే ఎండిన ఆకు తప్ప చూడ్డానికి ఏమీ ఉండదు. కార్తీకంలో బయల్దేరితే పొద్దున మంచు విడిచేసరికి రంప ఊరు చేరుకుంటాం.

ఈసారి వెళ్ళేముందు తరగతిలో ఒక ప్రశ్న అడిగాను. "రంప అంటే మీకేం గుర్తొస్తుంది?" జలపాతం అన్నారు కొందరు. అల్లూరి సీతారామరాజు అన్నారు ఎక్కువమంది. రెండూ తప్పు కాదు. అయితే రాజు మన్యంలో పోరు మొదలుపెట్టిన 1922కి నలభై మూడేళ్ళ ముందే ఈ ఊరి పేరు మద్రాసు ప్రభుత్వాన్ని రెండేళ్ళు నిద్రపోనివ్వలేదు. ఆ సంగతి ఒక్కరూ చెప్పలేదు. వాళ్ళకు చెప్పిన వాళ్ళెవరు గనక?

ఊరి చివర పొలం గట్లు దాటాక ఎక్కుడు మొదలవుతుంది. పెద్ద ఎక్కుడేమీ కాదు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు రెండుచోట్ల ఆగుతారు, మన పిల్లలు ఆగరు. అక్కడే పక్కన ఒక జీలుగు చెట్టు. దానికి కణుపు మొలకలు వదిలేసి నరికిన ఒంటి వెదురు నిచ్చెన కట్టి ఉంది. పైన కోసిన గెల కింద డబ్బా వేలాడుతోంది. వెనుకటి రోజుల్లో కుండ ఉండేది, తాగడానికి సొరకాయ బుర్ర ఉండేది. చెట్టెవరిదని అడిగాను. ఎవరూ పలకలేదు. కాసేపటికి ఒక పిల్లవాడు తల వంచుకుని, "మా తాతది సార్, కల్లు గీస్తాడు" అన్నాడు. మిగిలినవాళ్ళు నవ్వారు. వాడి ముఖం చూశాక, ఆ రోజు పాఠం జలపాతం దగ్గర కాకుండా ఆ చెట్టు కిందే మొదలుపెట్టాను.

రంప కొండల్ని కుంఫిణీ వాళ్ళు మనసబుదారు చేతిలో పెట్టారు. అతని కింద ముఠాదారులు. 1848లో కుదిరిన ఏర్పాటు ప్రకారం ముఠాదారులందరూ కలిసి అతనికి ఏడాదికి కట్టాల్సింది 8,750 రూపాయలు. కాగితం మీద అంతే. అతను మాత్రం కట్టెపుల్లకు పన్ను, పశువుల మేతకు పన్ను అంటూ పెంచుకుంటూ పోయాడు. కల్లు గీతకు వేసిన పన్ను పేరు చిగురుపన్ను. ఇంతలో ప్రభుత్వం కొత్త అబ్కారీ నిబంధన తెచ్చి, ఇంట్లో తాగడానికి కూడా కల్లు గీయకూడదంది. పాట పాడుకున్న వాళ్ళకే గీత మీద హక్కు. ఆ పైన చిగురుపన్నులో సగం మేర మొదలుపన్ను కూడా ఇవ్వాలన్నారు. పోలీసులు వసూలుకు తోడు నిలిచారు.

కల్లు కోసం తిరుగుబాటా అని ఒక అమ్మాయి అడిగింది. ఆ మాట నన్నూ ఇరుకున పెట్టింది. తాగుడు వద్దని తరగతిలో చెప్పేది నేనే. బ్రాందీ సీసా వల్ల చితికిన ఇళ్ళు నాకు తెలుసు. అయినా ఆ సీసా, ఈ జీలుగు ఒకటి కాదు. గింజలు అడుగంటిన నెలల్లో మా కొండరెడ్లకు జీలుగు కల్లే తిండి. మరీ కరువొస్తే చెట్టు పడగొట్టి, లోపలి చవ్వను దంచి, పిండి చేసుకుని అంబలి కాచుకునేవాళ్ళు. ఆ చెట్టు మీద పన్నంటే తిండి గిన్నె మీద పన్నే.

దానికి తోడు షావుకార్లు. మైదానం నుంచి వచ్చి, తెలియని కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని, దూరాన కోర్టులో ఏకపక్షంగా డిక్రీలు తెచ్చుకున్నారు. అయిదు రూపాయల బాకీకి నూరు రూపాయల పశువుల్ని, పంటని తోలుకుపోయిన ఉదంతం ప్రభుత్వ రికార్డులకే ఎక్కింది. ఈ లెక్కను పిల్లలు రెండుసార్లు చెప్పించుకున్నారు.

1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో పోలీసుల మీద తిరగబడటంతో మొదలైంది. ఏప్రిల్‌లో విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు, జూలైలో భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. రేకపల్లి కోపం పోడు మీద పన్ను. మధ్య పరగణాల కింద ఉన్నప్పుడు గొడ్డలికి నాలుగణాలు ఉండేది. మద్రాసు కిందికి వచ్చాక మూడింతలైంది. కొన్ని అడవుల్లో అసలు గొడ్డలే పెట్టవద్దన్నారు. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య నాయకులు. వాళ్ళని అణచడానికి పొరుగు జిల్లాల పోలీసులు చాలక, ఆరు మద్రాసు పదాతి పటాలాల్ని, గుర్రపు దళాన్ని, హైదరాబాదు నుంచి మరికొంత సైన్యాన్ని దించారు.  అంబుల్‌రెడ్డి పట్టుబడ్డాడు. చంద్రయ్య, తమ్మన్నదొర 1880లో ప్రాణాలు కోల్పోయారు.

దీన్ని దొరలు ఫితూరి అని రాసుకున్నారు. మన వాడుకలో అదే పితూరి. ఇప్పుడు పిల్లలు పక్కవాడి మీద సార్‌కి చెప్పేదాన్ని పితూరి అంటారు. పటాలాలు దింపించిన మాట చివరికి పలక పోయిందన్న ఫిర్యాదుగా మిగిలిందంటే అందరూ నవ్వారు, ఆ పిల్లవాడు కూడా.

ఓడిపోయారు కదా సార్, ఏం లాభం అన్నాడొకడు. ఓడిపోయాక ఏం జరిగిందో చూడమన్నాను. మనసబుదారుని తీసేశారు. ముఠాదారులకు ప్రభుత్వమే నేరుగా సనదులిచ్చింది. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద పన్ను పోయింది. ఏజెన్సీలో వడ్డీకి హద్దు పెట్టి, మన భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా చూసే మొదటి చట్టం 1917లో వచ్చింది. తర్వాత 1959 నిబంధన, దాన్ని గట్టిచేసిన 1970 సవరణ. మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటామే, అదే. అయిదు రూపాయల బాకీ మాట లేకుండా ఆ చట్టాల పాఠం చెప్తే పిల్లలకు ఎక్కదు. ఉపాధ్యాయ మిత్రులకు ఇది నా అనుభవం.

రంపలో పాత రాతి శివాలయం ఉంది. రెడ్డిరాజుల కాలందంటారు. అక్కడ కూర్చుని అన్నం తిని జలపాతానికి వెళ్ళాం. నీళ్ళు రాతి మీదుగా తెల్లగా జారుతున్నాయి. పిల్లలు గంటసేపు తడిశారు. రాజమండ్రి నుంచి వనభోజనాలకు వచ్చిన కుటుంబాలు ఫొటోలు దిగుతున్నాయి. వాళ్ళలో ఒక పెద్దాయన మా పిల్లల్ని పిలిచి, "ఇక్కడ ఇంకేం చూడొచ్చు బాబూ?" అని అడిగాడు. అందరికంటే ముందు ఆ పిల్లవాడే పలికాడు.

"కింద మా తాత జీలుగు చెట్టుంది, చూస్తారా సార్?"

తిరుగుదారిలో జీలుగులు లెక్కపెట్టమన్నాను. పదకొండు లెక్కకొచ్చాయి. గీత నడుస్తున్నవి నాలుగే.