పరికర్తిక: చెప్పుకొనలేని బాధ

జ్వరము వచ్చినచో ఇరుగుపొరుగువారికి చెప్పుదుము. పన్ను సలిపినచో వీధి యంతటికి తెలియును. మలద్వారము చిట్లి నెత్తురు కనబడినపుడు మాత్రము ఇంటనున్న తల్లికైనను చెప్పము. చెప్పక తప్పనినాడు "మొలలు" అందుము. మొలలు వేఱు, ఈ పగులు వేఱు. మొలలనగా ఉబ్బిన రక్తనాళములు. వానినుండి తఱచు నొప్పి లేకయే రక్తము పడును. పగులు చర్మమున ఏర్పడిన సన్నని చీలిక. విసర్జనవేళ కత్తితో కోసినట్లుండి, పిదప గంటల తరబడి మంట విడువదు. ఈ రెంటిని ఒకటిగా తలచుట చేతనే, మొలలకు మందిత్తుమని పట్టణముల గోడలమీద వ్రాసికొన్నవారికి నేటికిని గిరాకి తగ్గలేదు.

ప్రాచీన వైద్యులకు ఈ భేదము తెలియును. వారు దీనిని పరికర్తిక యనిరి. చుట్టును కత్తిరించునట్టిదని అర్థము. రోగి పడు బాధయే వ్యాధికి పేరైనది. చరక సుశ్రుత సంహితలలో ఇది ముఖ్యముగా విరేచనము, వస్తికర్మ తగని రీతిని చేయుటవలన కలుగు ఉపద్రవముగా చెప్పబడినది. అతిమధురమును నల్లనువ్వులను మెత్తగా నూఱి, తేనె నేయి చేర్చి వస్తిగా ఇచ్చుట సుశ్రుతుని చికిత్సలలో ఒకటి. కాశ్యపసంహిత గర్భిణులకు కలుగు పరికర్తికను ప్రస్తావించినది. రోగమునకు వైద్యమే కారణము కావచ్చునని వారు దాచక వ్రాసినందుకు మెచ్చుకొనవలెను. ఈ మాట మన తెలంగాణపు మెట్టసీమకు మఱింత వర్తించును. ఏలయన అది ఆముదపు సీమ.

నల్లగొండ జిల్లా పడమటి అంచున నున్న మర్రిగూడ పేరు వినగానే పలువురకు ఎముకలను వంచిన ఫ్లోరైడు నీళ్ళే తలపునకు వచ్చును. ఆ కథ వేఱు. అక్కడి చల్క నేలలకు మఱియొక చరిత్ర కలదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు చాలకాలము దేశమున ఆముదపు సాగుకు పేరుపడినవి. ఈ పంటపై పాలెములోని వ్యవసాయ పరిశోధనాస్థానము విశేషకృషి చేసినది. తరువాతి దశాబ్దములలో పత్తి వచ్చి ఆ చేలను చాలవఱకు ఆక్రమించినది. ఆముదము చేనున్న ఇంట వంటాముదము కొదువలేదు. గింజలను వేయించి, రోట దంచి, నీళ్ళలో ఉడికించి, పైకి తేలిన నూనెను తీసి మరల కాచుదురు. అది ప్రమిదలో వెలిగినది, తలకు చలువైనది, కడుపునకు మందైనది. నెలకొకసారి పిల్లలను పట్టుకొని నోట ఆముదము పోయని అవ్వ యుండెడిది కాదు.

ఆముదము ప్రేగులను కదలించి పని చేయును; అందలి ఆమ్లము ప్రేగు కండరములను ఎట్లు ప్రేరేపించునో 2012లో జర్మనీ పరిశోధకులు కనుగొనిరి. అయితే తీవ్రమైన విరేచనము కూడ ఆ లేత చర్మమును చీల్చగలదు. పైగా ప్రేగు ఖాళీయైన పిదప ఒకటి రెండు దినములు కదలిక యుండదు. దానిని మలబద్ధమని భ్రమించి మరల ఆముదము త్రాగుదురు. ఆముదమును మేము నిందింపము. దానిని వాడుకగా మార్చుకొనుట తగదనుచున్నాము.

మలము మెత్తబడవలసినది మందుతో కాదు, అన్నముతో. ఆ సీమ పూర్వులు జొన్నగటక, సజ్జరొట్టె, పుంటికూర, పప్పు తినిరి. అందు పీచు తక్కువ కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. ఆకలి తీర్చిన ఆ పథకమును తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. కాని జొన్న స్థానమున పాలిషుపట్టిన బియ్యము చేరిన కంచములో పీచు తగ్గినది. ఉగాండాలో పనిచేసిన ఐరిష్ శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ 1970ల దశకమున పీచు కొఱతను గూర్చి లోకమునకు చాటినదియు ఇట్టి సంగతియే. నీరును అంతే ముఖ్యము. 2016 తరువాత మిషన్ భగీరథ గొట్టములలో కృష్ణాజలము వచ్చుచున్నది గనుక పొలమునకు పోవువారు సీసా నిండ తీసికొనిపోవుట మేలు.

స్త్రీల విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. మరుగుదొడ్డి లేని ఇంట ఆడువారు చీకటి పడువఱకు వేగమును ఆపుకొనిరి. అట్లు ఆపుకొనరాదని చరకుడు సూత్రస్థానమున ఒక అధ్యాయమే వ్రాసెను. కాని దొడ్డి కట్టించువారు లేక ఆ శాస్త్రము వారికేమి చేయగలదు? 2014లో స్వచ్ఛభారత్ ప్రారంభమైన పిదప చాల ఇండ్లలో ఈ చెఱ తొలగినది. బాలింత పథ్యము మాత్రము ఇంకను తొలగలేదు. నీళ్ళు తగ్గింతురు, కూరలు మాన్పింతురు, కారప్పొడి అన్నము పెట్టుదురు. ప్రసవానంతరము పగుళ్ళు తఱచు కలుగుటకు ఇది తోడైనచో ఆశ్చర్యమేమి? బాలింతకు నీరును, ఆకుకూరయు, పప్పును పెట్టవలెను.

క్రొత్తగా కలిగిన పగులు చాలవఱకు ఇంటనే కొన్ని వారములలో మానును. లోపలి కండరము బిగిసినపుడు గాయమునకు రక్తము చాలదు. కావున విసర్జన తరువాతను, దినమునకు రెండు మూడు మారులును, వెడల్పయిన తొట్టిలో గోరువెచ్చని నీరు పోసి పది పదునైదు నిమిషములు కూర్చుండవలెను. ఉప్పు, మందులు అక్కఱలేదు. సుశ్రుతుని అవగాహస్వేదము దీనికి దగ్గఱిదే. యూనానీ హకీములు మెచ్చిన ఇసబ్గోలు పొట్టును నిండు గ్లాసు నీటితో పుచ్చుకొనవచ్చును. నీరు తక్కువైనచో అదే అడ్డుపడును. గుఱ్ఱపు చెవి యని ఆ పారసీక పదమున కర్థము. ముక్కరాదు, దొడ్డిలో చాలసేపు కూర్చుండరాదు.

ఆఱు ఎనిమిది వారములు దాటినను మానని పగులు వేఱు. దానికి 1951లో ఐసెన్‌హామర్ లోపలి కండరమును కొంచెము కోయు పద్ధతిని ప్రచురించెను. 1969లో నొటారాస్ దానిని ప్రక్కనుండి, చర్మము క్రిందుగా చేయు రీతి చూపెను. 1994లో గుండెనొప్పి మందునే లేపనముగా పూసి ఆ కండరమును సడలింపవచ్చునని ఇంగ్లండువారు నిరూపించిరి. తలనొప్పి కలిగించును గనుక అది వైద్యుని చీటీతోనే వాడదగినది. రక్తము నల్లగా పడినను, బరువు తగ్గినను, జ్వరముతో చీము కనిపించినను, నలుబదియేండ్లు దాటినవారికి మొదటిసారి రక్తము పడినను ఇంటివైద్యము చాలదు. నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్యకళాశాల ఏర్పడినది గనుక మర్రిగూడవారు శస్త్రవైద్యుని సలహాకై హైదరాబాదు వఱకు పోనక్కఱలేదు.