డిస్‌లైక్ బటన్ లేనప్పుడు నల్గొండ ఏం చేసింది?

ఈరోజు ఎపిసోడ్ ఒక బస్ స్టాప్‌తో మొదలుపెడతాను.

నేను ఉండేది మేడ్చల్‌లో, పనిచేసేది శామీర్‌పేట దాటాక తుర్కపల్లి వైపు ఒక కంపెనీలో. మా ఆఫీసులో ఉద్యోగులు ఐడియాలు పెట్టే యాప్ ఒకటి ఉంది. నచ్చితే లైక్ కొట్టొచ్చు. నచ్చకపోతే? స్క్రోల్ చేసుకుంటూ పోవడమే. ఆమధ్య ఒకరు ఒక ఐడియా పెట్టారు: కంపెనీ బస్సు మేడ్చల్ ఊళ్లోకి రాకుండా ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరే అందరినీ ఎక్కించుకుని, దింపేస్తే టైమ్ కలిసొస్తుందని. సిటీ నుంచి వచ్చేవాళ్లు లైకుల మీద లైకులు కొట్టారు. పాసైపోయింది. రాత్రి షిఫ్టు దిగి, ఔటర్ నుంచి చీకట్లో ఇంటికి పోవాల్సిన ఆడవాళ్ల "వద్దు" మాత్రం ఎక్కడా లెక్కకు రాలేదు.

మరి డిస్‌లైక్ బటన్ పెడితే సరిపోతుందా? దీనికి జవాబు మన ఎన్నికల చరిత్రలో దొరుకుతుంది.

1996కి వెళ్దాం. నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్లతో జనం ఎముకలు వంగిపోతున్నాయి. "మీరెవరూ మా గోడు వినలేదు" అని బ్యాలెట్ మీద చెప్పే దారి లేదు. ఖాళీగా వేస్తే అది చెల్లని ఓట్లలో కలిసిపోయేది. అందుకే వాళ్లు తామే నామినేషన్లు వేశారు. ఒక్క లోక్‌సభ సీటుకి మొత్తం 480 మంది పోటీ! దేశమంతా నల్గొండ నీళ్ల గురించి మాట్లాడింది. అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కి పెరిగింది. అంటే ఆ దారి కూడా ఇరుకైంది.

ఓటింగ్ యంత్రాలొచ్చాక 49-ఓ అనే నిబంధన ఉండేది. ఎవరికీ వేయనంటే పోలింగ్ అధికారికి చెప్పి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. అందరి ముందూ! ఊళ్లో బతకాల్సినవాడు అలా ఎలా చెప్తాడు? 2013 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు ఆ "వద్దు"కి కూడా రహస్యం ఉండాలంది. అలా నోటా బటన్ వచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2019లో నిజామాబాద్‌లో నోటా ఉంది. అయినా పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు. ఎందుకంటే నోటా "వద్దు" అంటుంది, ఎందుకు వద్దో చెప్పదు. వాళ్లకేమో గిట్టుబాటు ధర కావాలి, పసుపు బోర్డు కావాలి. ఆ బోర్డు 2025 జనవరిలో మొదలైంది.

ఇప్పుడు ఆఫీసుకి వద్దాం. ఉత్త డిస్‌లైక్ బటన్‌తోనూ ప్రమాదముంది. గుంపుగా డిస్‌లైకులు కొట్టి వేధిస్తున్నారనే యూట్యూబ్ 2021లో ఆ అంకెను అందరికీ కనపడకుండా చేసింది. కొత్తగా చేరిన పిల్ల మొదటి ఐడియాకే ముప్పై డిస్‌లైకులు పడితే, రెండోది పెడుతుందా?

అందుకే నా మాట ఇది. "వద్దు" అనే బటన్ ఉండాలి. నొక్కినవాళ్ల పేరు పైవాళ్లకు తెలియకూడదు, అది 49-ఓ నేర్పిన పాఠం. నొక్కాక ఒక్క లైన్ కారణం రాయాలి, అది నిజామాబాద్ నేర్పింది. అంకె కన్నా ఆ కారణమే ముందు కనిపించాలి.

మా యాప్‌లో అది ఇంకా లేదు. అందుకే పోయిన నెల నేనూ నల్గొండ దారే పట్టాను. రాత్రి ట్రిప్ మాత్రం మేడ్చల్ ఊళ్లోకి రావాలని, ఎందుకో రాసి, కొత్త ఐడియాగా పెట్టాను. లైకులు మెల్లగా పడుతున్నాయి. కానీ "వద్దు" అనడానికి ప్రతిసారీ ఎవరో ఒకరు నామినేషన్ వేయాల్సిందేనా? ఆలోచించండి. మళ్లీ కలుద్దాం.