మా పెదనాన్నగారి సాగరం స్లైడులు

మా పెదనాన్నగారు నాగార్జునసాగరం కట్టే రోజులలో అక్కడ ఓవర్సీరుగా పనిచేశారు. ఆయన కాలంచేసిన చాలా యేళ్ళకు, అటకమీదినుండి దింపించిన ఒక రేకుపెట్టెను మా పెద్దమ్మ నాకు అప్పగించింది. "పంతులువి గదా, ఇవేమిటో చూడరా" అన్నది. అందులో 112 స్లైడులు. పెట్టె మూతమీద ఆయన దస్తూరీతో 'సాగరం, 1962–64' అని ఉన్నది.

స్లైడుకు 'పారదర్శక చిత్రం' అనవచ్చు గాని, జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పిన నేనే ఆ మాటను ఇంట్లో పలకలేకపోయాను. స్లైడనే అంటాను. రెండంగుళాల అట్టచట్రంలో 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిల్ముముక్క అది. నెగటివు వలె తలక్రిందుల రంగులు కావు, ఉన్న రంగులే ఉంటాయి. ఈ విద్యకు ఖ్యాతి తెచ్చిన కొడాక్రోమ్ ఫిల్మును రూపొందించిన మానెస్, గొడౌస్కీ అనే ఇద్దరూ సంగీత విద్వాంసులు కావడం నాకు ముచ్చటగా తోచింది. అది 1935లో చలనచిత్రాలకూ, మరుసటి యేడు నిశ్చలచిత్రాలకూ వచ్చింది. 2009లో దాని తయారీ ఆగిపోయింది.

మా పెట్టెలోనివి చాలావరకు ఎర్రబారాయి. పాతకాలపు ఫిల్ములలో నీలిరంగు ముందుగా వెలిసిపోతుంది గనుక కృష్ణానది కుంకుమ కలిపినట్లున్నది. కొన్నింటికి బూజు పట్టింది. బూజు తిన్న జిగురుపొర నీటికి కరుగుతుందట, కనుక తడిగుడ్డ తగిలించలేదు. రబ్బరుబుడ్డితో గాలి ఊది, పల్చని నూలు చేతితొడుగులతో పట్టుకొని, స్కానరుమీద పెట్టాను. అంగుళానికి 2400 చుక్కలన్నమాట. ఒకటి తిరగవేసి పెట్టాను. రేకుపలకమీది అక్షరాలు అద్దంలోవలె కనబడ్డాక గాని తెలియలేదు. మెరిసే వైపొకటి, మెరుపులేని వైపొకటి ఉంటాయని అప్పుడు నేర్చుకున్నాను.

లోయ మునగకముందు తీసినవి నాలుగున్నాయి. ఆ లోయలో పాతస్తంభాన్ని చూసి 1926లో ప్రభుత్వానికి తెలిపినవాడు సూరపరాజు వేంకటరామయ్యగారనే బడిపంతులు. మా కులవృత్తికి ఆ మాత్రం గర్వపడనివ్వండి. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. కొన్ని కట్టడాలను కొండమీదికీ, అనుపుకూ తరలించి నిలిపారు. తక్కినది నీటిపాలు.

ఇక అసలు సంగతి. అరవైనాలుగు స్లైడులు పూర్తయిన తరువాత పెద్దమ్మను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. ఆనకట్ట సగం లేచిన చిత్రమొకటి వచ్చింది. రాతిగోడకు ఆనించిన కర్రల పరంజా, దానిపై ఒక్క ప్రాణి లేదు. నేను దానిక్రింద 'సెలవుదినం' అని వ్రాసిపెట్టుకున్నాను కూడా. ఆవిడ కళ్ళద్దాలు సవరించుకొని, "పనివాళ్ళేరీ?" అన్నది.

"సెలవునాడు తీసి ఉంటారు పెద్దమ్మా."

"సెలవునాడు మీ పెదనాన్న కెమెరా పట్టుకొని గట్టెక్కేవాడా? నిద్రపోయేవాడు."

స్లైడును కిటికీకెదురుగా పట్టుకొని భూతద్దంతో చూశాను. ఉన్నారు! నెత్తిన తట్టలతో, చీమలబారుగా, ఏటవాలు పరంజామీద పైకి పోతున్నారు. నేను స్కానరులో 'దుమ్ము తొలగించు' అన్న గడిలో టిక్కు పెట్టి ఉంచాను. నా చవకరకం స్కానరు పరారుణకాంతితో దుమ్మును గుర్తించేది కాదు. చిన్న చుక్క కనబడితే చుట్టూ ఉన్న రంగుతో పూడ్చివేస్తుంది. దూరాన ఉన్న కూలీలందరూ దానికి చుక్కలే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసింది మొదలు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలేదాకా అంత రాతిని మోసిన మనుష్యులను మా యింటి బల్లమీద నేను ఒక్క పూటలో తుడిచివేశాను. పైగా సెలవు కూడా ఇచ్చేశాను!

గడిలో టిక్కు తీసివేసి, అరవైనాలుగింటినీ మళ్ళీ మొదటినుండి చేశాను. పదకొండు రోజులు పట్టింది. దుమ్ము ఉంటే ఉండనిమ్మన్నాను. ఎరుపు తగ్గించిన ప్రతిని వేరుగా, తగ్గించనిదాన్ని వేరుగా దాచాను.

నిన్న ఆ చిత్రాన్నే పెద్దది చేసి పెద్దమ్మకు మళ్ళీ చూపించాను. ఇద్దరమూ వ్రేలుపెట్టి లెక్కించాము. నాకు నలభైయొక్కరు వచ్చారు. నలభైమూడని ఆవిడ అంటున్నది. చివరి ఇద్దరూ దుమ్మేనని నా అనుమానం. రేపు భూతద్దంతో మరొకమారు చూడాలి.